కాదనడానికి నన్ను పిలిచారు

నన్ను పిలిచింది నా పాండిత్యం చూసి కాదని పలాస స్టేషన్లో దిగిన కాసేపటికే తెలిసిపోయింది.

పిలుపు వచ్చినప్పుడు మాత్రం ప్రొద్దుటూరంతా చాటుకున్నాను. టెక్కలిలో సదస్సనీ, విద్యార్థులకు విమర్శనాత్మక ఆలోచన నేర్పడం ఎలా అన్నది అంశమనీ, ముఖ్య వక్తల్లో నేనొకదాన్ననీ మా బి.ఇడి. కాలేజీ స్టాఫ్ రూములోనే కాదు, మా వీధిలో పాలు పోసే ఆయనకు కూడా చెప్పాను. ఆయన చెంబులో పాలు కొలుస్తూ, "అంత దూరమా మేడం? ఆడ దగ్గర్లో ఎవురూ దొరకలేదా వాళ్లకి?" అన్నాడు. మా ఊళ్ళో పలకరింపే అలా ఉంటుంది. ఒక మాట అన్నాక దానికి అడ్డుమాట పడకపోతే అవతలివాళ్ళు వినలేదేమోనని మళ్ళీ చెబుతాం. పెళ్ళిపిలుపుకు వెళ్ళినా ముహూర్తం బాగాలేదని ఇద్దరైనా అంటారు, అన్నవాళ్ళే అందరికంటే ముందొచ్చి కూర్చుంటారు.

అలాంటి ఊరి నుంచి నేను రాష్ట్రం ఆ చివరనున్న ఉద్దానానికి వెళ్ళాను.

పలాస

రైలు దిగగానే ఊరంతా ఒకే వాసన. జీడిపిక్కలు కాల్చే పొగలో కొంత తీపి, కొంత గొంతు పట్టేసే ఘాటు ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు నాకోసం నిలబడి ఉన్నారు. ఒకరు సదస్సు కన్వీనర్ డేనియల్ మాస్టారు. రిటైరైన లెక్చరర్, అక్కడి బాప్టిస్టు సంఘంలో పెద్దమనిషి. రెండో ఆమె పుణ్యవతి, టెక్కలిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది, ముప్పై దాటి ఉండదు. మాస్టారు దండ వేయబోయి ఆగి అడిగారు.

"మేడం, మీకు ఈ జిల్లాలో సుట్టాలెవులైనా ఉన్నారా?"

"లేరండి."

"ఇజీనగరంలో?"

"లేరు."

"పోనీ మీవారి తరఫున?"

"మావారిది కదిరి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ప్రభువుకి స్తోత్రం" అని మాస్టారు అప్పుడు దండ వేశారు.

సంగతేమిటో స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర తెలిసింది. "మా దగ్గర ఎవులైనా ఎవులికో ఒకలికి ఏదో ఒకటి అవుతారండి" అన్నారు మాస్టారు. "ప్రిన్సిపాల్ గారు ఈ పిల్లకి మావ. వైస్ ప్రిన్సిపాల్ ఆయనకి బావ. ఇస్టరీ ఆయనా నానూ ఒకే సంఘం. పేపరు సదివినోడిని పట్టుకుని తప్పంటే రేపు ఆలింటి పెల్లికి ఏ మొకం పెట్టుకుని ఎల్తాం? విమర్శ మీద సదస్సు పెట్టీసేం గాని విమర్శించడానికి మనిషి లేడు. మీరైతే ఎవులికీ ఏటీ కారు."

ఇన్నేళ్ళ సర్వీసులో నా అర్హతను ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. కోపం వచ్చింది. అక్కడే తిరుగు రైలెక్కుదామా అనుకున్నాను. అప్పుడు పుణ్యవతి నోరు విప్పింది.

ఆమె విశాఖపట్నంలో పిహెచ్.డి. చేస్తోంది. పిల్లలు తరగతిలో ప్రశ్నలు ఎందుకు అడగరన్నది అంశం. థీసిస్ ఇచ్చేసింది, వైవాకు వెళ్ళింది. "ఎగ్జామినర్ గారు, నువ్వు రాసింది తప్పమ్మా అన్నారు మేడం. అవునండి, మీరు సెప్పిందే రైటు అన్నాను."

"నీ థీసిస్ తప్పని నువ్వే ఒప్పుకున్నావా?"

"పెద్దాయన కదా మేడం. ఎలగ కాదంటాను? ఆయన ఇంకో తప్పు సెప్పేరు. అదీ అవునండి అన్నాను. అలగ ఆకరి దాకా ఎల్లిపోయింది."

అవతలివాళ్ళకు ఏం చేయాలో తోచక, మళ్ళీ రమ్మని పంపేశారట. ఆ రెండో వైవా వచ్చే వారమే. అది కూడా పోతే ఇక అవకాశం లేదు, కాలేజీలో ఆమె ఉద్యోగం నిలబడాలన్నా ఆ పట్టా ఉండాలి. "రేపు నాను పేపరు సదివేక మీరు నన్ను నలుగుర్లో గట్టిగా కాదనాల మేడం. నాను నిలబడి జవాబు సెప్పాల. ఒక్కసారి సెప్పీగలిగితే అక్కడా సెప్పీగల్ను."

కాదనడం మా ఊరివాళ్ళకు నేర్పాలా? కోపం పోయింది. సరే అన్నాను.

కాశీబుగ్గ నుంచి పూండి దాకా

లాడ్జి ఎందుకు, మా ఇంట్లోనే ఉండాలని పుణ్యవతి వాళ్ళమ్మ పట్టుబట్టిందట. బయలుదేరే ముందు కాశీబుగ్గలో జీడిపప్పు కొందామని ఒక దుకాణంలో దూరాను. విరగని పప్పుకు ఒక ధర, బద్దలకు ఇంకో ధర. దుకాణదారు చెప్పిన ధర విని, నా అలవాటు ప్రకారం చేతిలో పప్పు బల్ల మీద పడేసి, "చాలా ఎక్కువ చెబుతున్నారు" అన్నాను.

"ఎక్కువే తల్లీ" అన్నాడాయన.

నేను ఆగాను. మా ఊళ్ళో అయితే ఈపాటికి ఆయన దుకాణం మూసేసుకుంటానని బెదిరించాలి, నేను మెట్లు దిగాలి, ఆయన వెనక్కి పిలవాలి. "మా వైపు ఇంత లేదు" అన్నాను.

"ఉండదమ్మా. ఎందుకుంటాది?"

"ఈ ధరకు ఎవరు కొంటారు?"

"అదేనమ్మా నానూ అనుకుంతన్నాను."

ప్రతి మాటా ఒప్పుకున్నాడు, ఒక్క రూపాయి తగ్గించలేదు. చివరికి ఆయన చెప్పిన ధరకే కొని, ఓడిపోయానో గెలిచానో తెలియకుండా బయటికొచ్చాను.

ఆటోలో ఇంకో ప్రమాదం తప్పింది. డ్రైవరు అద్దంలో నన్ను చూస్తూ ఏ ఊరని అడిగాడు. కడప జిల్లా అన్నాను. "మా బామ్మర్ది మిల్ట్రీలో కడప కుర్రోడితో ఒకే గదిలో ఉన్నాడండి. ఇద్దరూ అన్నదమ్ముల్లాగ ఉంటారు. అంటే మీరు మాకు" అని వరస లెక్క కట్టడం మొదలుపెట్టాడు. పుణ్యవతి కంగారుగా అడ్డుపడి, "బావా, నువ్వు రోడ్డు సూడు. మేడం ఎవులికీ ఏటీ కారు. రేపు సాయంత్రం దాకా కారు" అంది. ఆ డ్రైవరు తనకు నిజంగానే బావ అవుతాడని తర్వాత చెప్పింది.

దారికి రెండు పక్కలా జీడితోటలు, పనసచెట్లు. తుఫానుకు పోయిన కొబ్బరిచెట్ల స్థానంలో నాటినవి ఇప్పుడిప్పుడే నా ఎత్తు దాటుతున్నాయి. కిడ్నీలు పాడుచేస్తాయనే అక్కడి నీళ్ళ సంగతి నేనూ పేపర్లలో చదివినదాన్నే. ప్రతి గుమ్మం ముందూ నీళ్ళ క్యాను చూసినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

నీలమ్మ ఇల్లు

పుణ్యవతి తల్లి పేరు నీలమ్మ. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, గొంతు మాత్రం సముద్రం అవతలికి వినిపిస్తుంది. కాళ్ళకు నీళ్ళిచ్చి, మొదట చోడి అంబలి చేతికిచ్చింది. మా వైపు అదే రాగిపిండిని సంగటి ముద్దగా గట్టిగా కెలుకుతాం, ఇక్కడ గ్లాసులో పోసి తాగుతారు. ముద్దగా చేయకుండా పిండిని ఎందుకిలా నీళ్ళపాలు చేశారని అడిగాను. "అవును తల్లీ, మాకు సేతకాదు" అంది నీలమ్మ నవ్వుతూ. ఒక్క వాదనైనా దక్కుతుందన్న నా ఆశ అక్కడ కూడా ఫలించలేదు. అంబలి మాత్రం ఇంకో గ్లాసు తాగాను.

సదస్సు బ్యానరు తేవడానికి పుణ్యవతి పలాస వెళ్ళిపోతూ నన్ను పక్కకు పిలిచింది. "మా అమ్మతో ఎక్కువ మాటాడకండి మేడం. ఊరికే కలిసిపోద్ది." థీసిస్ కాపీ నా చేతిలో పెట్టి వెళ్ళింది.

అరుగు మీద కూర్చుని చదివాను. చక్కగా రాసింది. పిల్లలు ప్రశ్న అడగకపోవడానికి కారణం భయం అని దాని సారాంశం. చదువుతుంటే నాకు దుకాణదారు గుర్తొచ్చాడు, డేనియల్ మాస్టారు గుర్తొచ్చారు. వీళ్ళెవరూ భయపడేవాళ్ళు కారు. ఇది భయం కాదు, మొహమాటం. ఈ పిల్ల తన ఇంట్లో ఉన్నదాన్ని వదిలేసి వేరే పేరు రాసుకుంది. రేపు కాదనడానికి నాకు ఉత్తుత్తి ప్రశ్న కాదు, అసలు ప్రశ్నే దొరికింది. పిల్లికి ఎలుక దొరికినంత సంబరపడ్డాను.

అంతలో నీలమ్మ భోజనానికి పిలిచింది. చేపల పులుసు, పనసకాయ కూర, పక్కన వంకాయ వేపుడు. వంకాయ నేను తిననని చెప్పాను. నీలమ్మ గరిటె గిన్నెలో వదిలేసి నా ఎదురుగా కూర్చుంది.

"నిజిమా? వొంకాయ తినవా?"

"చిన్నప్పటి నుంచీ తినను."

"నానూ తిన్ను. అతిదులొచ్చినప్పుడు వొండుతాను గాని ముట్టను. మా అత్త వొంకాయ పెట్టి పెట్టి నన్ను సంపీసింది. ఈ మండలంలో వొంకాయ తిన్నిదాన్ని నానొక్కదాన్నే అనుకున్నాను. ఇన్నాలికి ఒక మనిషివి దొరికేవు."

ఆ తర్వాత ఎక్కువ మాట్లాడకుండా ఉండడం నా వల్ల కాలేదు. అత్తగార్లు, మోకాళ్ళ నొప్పులు, తెల్లవారినా లేవని కూతుళ్ళు అంటూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. పొద్దు వాలుతుండగా నీలమ్మ, "నాతో నేస్తం కడతావా?" అని అడిగింది. వాళ్ళ వైపు అదొక ఆచారమని ముందే విన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు దేవత ముందు కొత్త చీరలు మార్చుకుని, బెల్లం తినిపించుకుని జీవితాంతం నేస్తాలవుతారు. యాత్ర రాసేవాళ్ళకు ఇలాంటివి అడిగినా దొరకవు. వెంటనే ఒప్పుకున్నాను. రాయడానికి పనికొస్తుందని మాత్రమే కాదు, ఆమె నాకు నిజంగా నచ్చింది.

సముద్రం ఒడ్డున అమ్మవారి గుడికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చారు. వేదిక మీద కట్టుకోవడానికి తెచ్చుకున్న, మా వైపు నేసే మాధవరం చీర నీలమ్మకిచ్చాను. ఆమె ఎర్రంచు పసుపు చీర నాకిచ్చింది. తలలో పూలు పెట్టుకున్నాం. గాలికి బెల్లంలో ఇసుక పడింది, అలాగే తిన్నాం. "ఇంక పేరెట్టి పిలవకూడదు. నేస్తం అనాల. నా కూతురు నీ కూతురే" అంది నీలమ్మ. ఇంకో నియమం కూడా ఉంది. అది అక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ చెప్పలేదు.

పుణ్యవతి బ్యానరు చుట్ట భుజాన వేసుకుని వచ్చింది. మా ఇద్దరి చీరలూ చూసింది. చుట్ట కింద పెట్టి దానిమీదే కూలబడింది.

"అమ్మా, ఏటి సేసీసేవే."

"ఏటి సేసేను? నేస్తం కట్టేను."

పుణ్యవతి నా వైపు తిరిగింది. "నేస్తం ఇంటి మనిషిని నలుగుర్లో కాదనకూడదు మేడం. అంటే నేస్తం తెగిపోద్ది. ఎవుల సీరలు ఆలికి ఇచ్చీసుకోవాల. మా ఊర్లో ఇప్పటిదాకా ఎవులిదీ తెగలేదు."

"ఇంట్లో కాదనొచ్చా?"

"ఇంట్లో ఏటన్నా పరవాలేదు."

అయితే ఇంట్లోనే సాధన చేద్దామన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి, "నీ థీసిస్ నేను ఒప్పుకోను" అన్నాను. "అవును మేడం" అంది. నేను తల పట్టుకున్నాను. "ఇప్పుడు మీరు మరీ అమ్మలాగ అయిపోయేరు. ఎలగ కాదంటాను?" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అసలు గొడవేమిటో విన్న నీలమ్మ, "మంచిగా సెప్తే యినరా? కాదనడం ఎందుకే?" అని మా ఇద్దరికీ కలిపి చెప్పి, అన్నం వడ్డించడానికి వెళ్ళింది.

డేనియల్ మాస్టారికి ఫోన్లో చెబితే, "ఉండండి. పలాస లాడ్జిలో ఒకాయన ఉన్నాడు" అన్నారు.

టెక్కలి

మర్నాడు నీలమ్మ చీరలోనే వేదిక ఎక్కాను. ఇంకో మంచి చీర లేదు, ఉన్నా ఆమె కట్టుకోనిచ్చేది కాదు. మొదటి వరసలో నా మాధవరం చీరలో నీలమ్మ కూర్చుని ఉంది. హాలంతా ఒకసారి ఆమె చీర, ఒకసారి నా చీర చూసి సంగతి గ్రహించింది. ప్రిన్సిపాల్ గారు నా కుర్చీ వక్తల వరస నుంచి తీయించి ఆత్మీయ అతిథుల పక్కన వేయించారు. వెనక బ్యానరు మీద పుణ్యవతి కూర్చున్నంత మేర నలిగి, విమర్శనాత్మక అన్న మాట కనిపించడం లేదు.

దీపం వెలిగించారు. ప్రార్థన చేశారు. సంస్కృతం లెక్చరర్ శ్లోకం చదివారు. ముందు మీరంటే ముందు మీరని ఒకరినొకరు మర్యాద చేసుకోవడంలోనే ఉదయం సగం గడిచింది. తర్వాత పేపర్లు. ఒకాయన పిల్లలకు ఆలోచించడం నేర్పాలన్నారు. అధ్యక్షులు అది నిజమన్నారు. ఇంకొకాయన అసలు నేర్పనక్కర్లేదు, వాళ్ళకే వస్తుందన్నారు. అధ్యక్షులు అదీ నిజమన్నారు. శాలువా ఇద్దరికీ కప్పారు.

ప్రశ్నలకూ ఏర్పాటు ఉంది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా కమిటీవాళ్ళే ప్రశ్నలు రాసి, చీటీలు విద్యార్థులకు పంచారు. నేను నా పేపరు చదివాను. తరగతిలో ప్రశ్నకు చోటివ్వడం గురించి నా అంతటిదాన్ని నేనే అన్నట్టు చదివాను. చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి లేచి తన చీటీ చూసి అడిగింది.

"మేడం, ఈ ప్రయోగంలో మీరు ఎంత ఆసిడ్ వాడేరు?"

సైన్సు లెక్చరర్ పేపరుకు రాసిన చీటీ అది. "ఆసిడ్ వాడలేదమ్మా" అన్నాను.

"థాంక్యూ మేడం" అని కూర్చుంది. అందరూ సంతృప్తిగా చూశారు.

మధ్యాహ్నం

భోజనాల్లో గుత్తివంకాయ. నేనూ నీలమ్మా పక్కపక్కన కూర్చుని ఒకేసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాం. వడ్డించే ఆయన భయపడ్డాడు.

పుణ్యవతి వంతు వచ్చేసరికి డేనియల్ మాస్టారు లాడ్జి నుంచి తెచ్చిన మనిషిని పరిచయం చేశారు. జీడిపప్పు కొనడానికి రాజస్థాన్ నుంచి వచ్చే వ్యాపారి, అందరూ సేటు గారంటారు. జిల్లాలో ఎవరికీ ఏమీ కాడు. తెల్ల చొక్కా, నెమ్మదైన మనిషి. మైకు ముందు చేతులు జోడించి, "నాకు చదువు లేదండి. వ్యాపారంలో ఏ మాల్ అయినా ముందు వద్దనాలి. అప్పుడే అసలు రేటు తెలుస్తుంది" అన్నారు. ఉదయం నుంచీ అయిన ప్రసంగాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

పుణ్యవతి పేపరు చదివింది. గొంతు వణకలేదు. సేటు గారు కళ్ళు మూసుకుని విని, "ఈ మాల్‌లో తేమ ఉంది" అన్నారు.

"అవునండి" అంది పుణ్యవతి.

"పిల్లలకు భయం అంటున్నారు. మీరు అడిగితే వాళ్ళు భయం లేకుండా చెప్పారు కదా. మరి భయం ఎక్కడుంది?"

"నిజిమేనండి."

"అయితే నేను తీసుకోను."

"సరేనండి."

ఎంత అణకువ అని హాలు చప్పట్లు కొట్టింది. నీలమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. డేనియల్ మాస్టారు తల దించుకున్నారు. పుణ్యవతి మైకు దగ్గర కాగితాలు సర్దుకుంటోంది, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదు, మళ్ళీ మళ్ళీ సర్దుతోంది. వచ్చే వారం విశాఖపట్నంలో ఏం జరగబోతోందో ఆ చేతుల్లో కనిపించింది. ఊరుకుంటే నేస్తం ఉంటుంది, ఈ పిల్ల మునుగుతుంది. నీలమ్మ మొహం చూస్తే లేవలేనని తెలుసు, అందుకే చూడకుండా లేచాను.

"నేను ఒప్పుకోను" అన్నాను. మైకు లేకపోయినా ప్రొద్దుటూరు గొంతు, అందరికీ వినిపించింది. "భయం కాదు, మొహమాటం. నేనొచ్చినప్పటి నుంచీ ఈ జిల్లాలో నన్ను కాదన్నవాళ్ళు లేరు. పప్పు అమ్మే ఆయన కూడా ధర ఎక్కువేనని ఒప్పుకున్నాడు. నన్ను చూసి భయపడ్డాడా? నీ థీసిస్ పునాదే తప్పు పుణ్యవతీ."

ప్రిన్సిపాల్ గారు లేచి, మళ్ళీ కూర్చున్నారు. నీలమ్మ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నన్ను ఎరగనట్టు చూస్తున్నాయి. పుణ్యవతి "అవు" అని సగం అని, వాళ్ళమ్మను చూసింది. కాగితాలు సర్దడం ఆపింది.

"కాదు" అంది.

పేపరంతా పుస్తకం భాషలో చదివిన పిల్ల ఇంటి భాషలోకి దిగిపోయింది. "కాదు. మొహమాటం అన్నది మీరు బయట నిలబడి సూసి పెట్టిన పేరు. లోపలున్నోలికి అది బయమే. కర్రకి బయం కాదు. కొట్టే మాస్టారినైతే పిల్లలు ఎనకాల తిడతారు. మంచి మాస్టారినే ఏటీ అడగరు. ఆయన మావ అవుతాడు. కాదంటే రేపు మా గుమ్మం తొక్కడేమో, ఆలమ్మాయి పెల్లికి పిలవడేమో, మా అమ్మ నేస్తం తెగిపోద్దేమో. ఇప్పుడు మా అమ్మని సూడండి. అది మొహమాటమా? సేటు గారు అడిగిందానికీ అదే జవాబు. ఆల బడికి నాను పరాయిదాన్ని కాబట్టి పిల్లలు నాకు సెప్పేరు, ఆల మాస్టారికి సెప్పరు. ఈ ముక్క నాను రాయలేదు, రాయాల. అంతే గాని, బయం అన్న మాట తియ్యను. మీరు సెప్పినా తియ్యను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సేటు గారు లేచి, "ఇప్పుడు తీసుకుంటాను" అని కూర్చున్నారు.

నీలమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా హాల్లోంచి వెళ్ళిపోయింది.

మళ్ళీ పలాస

ఆ రాత్రి నన్ను లాడ్జిలో దింపారు. మర్నాడు స్టేషన్‌కు పసుపు చీర మడతపెట్టి తీసుకెళ్ళాను, పుణ్యవతి చేతికైనా ఇద్దామని. నీలమ్మే వచ్చింది. పక్కన కూతురు, చంకలో నా మాధవరం చీర, చేతిలో ఒక పెద్ద సంచి. నా చీర నాకిచ్చింది. తన చీర తీసుకుంది. మడత విప్పి, చిరిగిందేమో చూసి, మళ్ళీ మడిచింది.

"ఇంక మనం నేస్తాలం కాదు" అంది.

"సరే" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. నా ఊరు కాదు, నా వరస కాదు, ఇంత బాధ ఎందుకో అర్థం కాలేదు. ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుంది. రైలు ఆలస్యమని మైకులో చెప్పారు.

"నేస్తాలు తగువాడుకోరు" అంది నీలమ్మ ఉన్నట్టుండి. "తగువాడుకునేది అప్పసెల్లెల్లు. నాకు సెల్లెలు లేదు."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె నన్ను చూడకుండా సంచి నా ఒళ్ళో పెట్టింది. అందులో కొబ్బరికాయలు, వాటికింద ఎండుచేపలు.

"ఏసీ బోగీలో ఎండుచేపలా? వద్దు" అన్నాను.

"ఎందుకొద్దు? నానింత దూరం మోసీసి తెత్తే వొద్దంటావా?"

"వాసనొస్తుంది. దింపేస్తారు."

"ఎవులు దింపుతారో నానూ సూత్తాను. మాటాడక పట్టుకెల్లు."

రైలు వచ్చేదాకా పోట్లాడుకున్నాం. ప్లాట్‌ఫారం మీద నలుగురూ చేరి విన్నారు. పుణ్యవతి మా ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరినీ ఆపకుండా, హాయిగా నవ్వింది. ఎండుచేపలు నాతోనే వచ్చాయి. గుంటూరు దాకా నా ఎదుటి బెర్తు ఖాళీగానే ఉంది.

పోయిన వారం పుణ్యవతి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. ఇప్పుడు నన్ను పిన్నీ అంటుంది.

"ఏమన్నారే?"

"తప్పన్నారు పిన్నీ."

"నువ్వేమన్నావు?"

"కాదండి అన్నాను. ఆయన కలం కింద పెట్టీసి, ఎందుకు కాదో సెప్పమ్మా అన్నారు. సెప్పేను. బోజనం టైం దాటిపోయినా సెప్తానే ఉన్నాను. ఇచ్చీసేరు పిన్నీ. పట్టా వొచ్చీసినట్టే."

నేను స్టాఫ్ రూములో ఉన్న సంగతి మరిచి గట్టిగా అరిచాను. ఆమె మళ్ళీ అంది: "ఒకటి జరిగింది. బయటికొచ్చేక ఆయన, మీదే ఊరమ్మా, ఏ ఇంటోలు అని అడిగేరు. సెప్తే, ఆయనది మెళియాపుట్టి దగ్గరంట. లెక్క కట్టి సూత్తే నాకు మావ అవుతారు."

"ఇది ముందే తెలిసుంటే?"

అటువైపు బస్సుల చప్పుడు వినిపిస్తోంది. పుణ్యవతి ఆలోచిస్తోంది.

"అప్పుడూ కాదనీదాన్ని" అంది చివరికి. "బయపడతానే కాదనీదాన్ని."